బీపీ బిళ్ళ, బీమా పాలసీ, అంటించని కవరు

బీమా ఆఫీసులో దరఖాస్తులు చూసే గుమాస్తా గారికి,

అయ్యా, నమస్కారం. ఇది మా అమ్మ నేర్పిన మర్యాద కాబట్టి పెట్టాను. మర్యాద ఇక్కడితో అయిపోయింది, మిగతాది చదవండి.

నేను లిఫ్టు మెకానిక్‌ని. పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టు మొరాయిస్తే షాఫ్టులోకి దిగి, నడుముకు తాడు కట్టుకుని వేలాడుతూ బాగుచేసేవాణ్ణి. నాకు ముప్ఫై ఇంకా రాలేదు గానీ బీపీ వచ్చేసింది. దాన్ని నేనేం పిలవలేదు. కిందటేడు తలపోటు ఎంతకీ తగ్గక డాక్టరు దగ్గరికి వెళ్తే బిళ్ళ రాశాడు. రోజూ పొద్దున్నే ఒకటి వేసుకుంటున్నాను.

మీ ఏజెంటు మా ఇంటికొచ్చి, మా కుర్చీలో కూర్చుని, "మందులేమైనా వాడుతున్నారా" అన్న గడిలో "లేదు" అని రాయమన్నాడు.

"వాడుతున్నానయ్యా" అన్నాను.

"అది మీకు తెలుసు, నాకు తెలుసు తమ్ముడూ. కంపెనీకి ఎందుకు?" అన్నాడు.

"రేపు నేను పోయాక ఆ అబద్ధం పట్టుకుని మా ఆవిడకు మొండిచెయ్యి చూపించడానికా?"

"అబ్బే, మరీ అంత దూరం ఎందుకు ఆలోచిస్తారు!"

బీమా అమ్మేవాడు అనాల్సిన మాటేనా అది? చావు దాకా ఆలోచించలేనివాడు బీమా అమ్మడమెందుకు, బెలూన్లు అమ్ముకోవచ్చుగా? అతన్ని గుమ్మం దాకా సాగనంపాను. కొంచెం వేగంగా సాగనంపాను.

ఆ గడిలో నేనే నా చేత్తో "అవును, బీపీ బిళ్ళ, రోజూ" అని రాసి మీకు పంపాను. పంపి చాన్నాళ్ళైంది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నిజం కనబడేసరికి మీ నోళ్ళు పడిపోయాయా?

ఇంత గొడవ ఎందుకంటే చెప్తాను. మా నాన్న పోయినప్పుడు నాకు ఆస్తి మిగల్లేదు, సగం చదువు మిగిలింది. బడి నుంచి సరాసరి మెకానిక్ షెడ్డుకొచ్చి నట్లూ బోల్టులూ ఏరాను. మిగతా సగం చదువు పాత పేపర్లు చదివి నేనే పూర్తి చేసుకున్నాను, అందుకే నా మాటలు గరగరలాడతాయి. మా అమ్మాయి చిట్టికి అలా జరగడానికి వీల్లేదు. నా తాడు తెగినా, గుండె ఆగినా దాని చదువు ఆగకూడదు. అదీ సంగతి. పాలసీ ఇస్తారా, ఇవ్వరా?

ఇట్లు,
మీ జవాబు కోసం పళ్ళు నూరుతున్న
లిఫ్టు మెకానిక్

తా.క.: మీ ఏజెంటు చెప్పు ఒకటి మా వాకిట్లో మర్చిపోయాడు. వచ్చి తీసుకెళ్ళమనండి. ఏమీ అనను.

అయ్యా, చేతిరాత మారిందని చూసే ఉంటారు. నేను ఆయన భార్యను. ఇంట్లోనే బట్టలు కుడతాను. ఉత్తరం రాయడం ఆయన పని, కవరు అంటించి డబ్బాలో వెయ్యడం నా పని. అంటించే ముందు ఈ రెండు ముక్కలు రాస్తున్నాను, ఆయనకు చెప్పకండి. ఆయన కోపం పాలపొంగు. పొయ్యి తగ్గిస్తే దిగిపోతుంది. కాస్త తగ్గించండి.

*

లిఫ్టు మెకానిక్ గారికి,

నమస్కారములు.

మీ ఉత్తరం అందినది. పాలసీ ఇవ్వబోమని మేము ఎక్కడా అనలేదు. బీపీ మందు వాడేవారికి బీమా లేదనే నియమం మా కంపెనీలో లేదు. బీపీ అదుపులో ఉన్నదో లేదో చూస్తాము. ఉంటే ఇస్తాము. ప్రీమియం మాత్రం కాస్త ఎక్కువ పడవచ్చు. కావున మీ డాక్టరు రాసిన చీటీ నకలు తీసుకుని, మా ఆఫీసు డాక్టరు గారి వద్దకు పరీక్షకు రాగలరు. ఆయన గది అన్నిటికన్నా పై అంతస్తులో ఉన్నది.

ఆలస్యానికి చింతిస్తున్నాము. ఆ గడిలో "అవును" అని రాసిన కాగితం మా విభాగానికి ఎప్పుడోగాని రాదు. దాన్ని ఏ బీరువాలో పెట్టాలో ఎవరికీ తోచలేదు.

ఇట్లు,
విధేయురాలు,
దరఖాస్తుల గుమాస్తా

తా.క.: నేను అయ్యను కాను, ఇద్దరు పిల్లల తల్లిని. ఏజెంటు ఆ చెప్పు తనది కాదంటున్నాడు. ఒంటికాలి చెప్పుతో తిరుగుతూ అంటున్నాడు. మా వైపు నుంచి పొయ్యి తగ్గించడమైనది.

*

గుమాస్తా మేడమ్ గారికి,

ఈసారి నిండు నమస్కారం, జవాబిచ్చారు కాబట్టి. కానీ "మా వైపు నుంచి పొయ్యి తగ్గించడమైనది" అని రాశారు. మీ ఆఫీసు వంటగది సంగతులు నాకెందుకు? ఎవరి ఉత్తరంలో వాక్యమో నా దాంట్లో పడినట్టుంది, సరిచూసుకోండి.

ఇక పరీక్ష సంగతి. లిఫ్టు బిగించాక దాన్నెలా పరీక్షిస్తామో మీకు తెలుసా? ఖాళీ పెట్టెను పైకీ కిందికీ తిప్పి "భేషుగ్గా ఉంది" అని సంతకం పెట్టం. అది మొయ్యాల్సిన బరువుకు మించి ఇనప దిమ్మలు పేర్చి నడిపించి, బ్రేకు పట్టిందా లేదా చూస్తాం. దాన్ని లోడ్ టెస్టు అంటారు. ఖాళీ లిఫ్టుకు సంతకం పెట్టే మెకానిక్కు ఎవడైనా నా చేతికి చిక్కితే వాడి వేళ్ళు స్పానరుతో బిగిస్తాను.

మనిషికి వేరే న్యాయమా? నా గుండె కుర్చీలో కూర్చుని పనిచెయ్యదు, షాఫ్టులో పనిచేస్తుంది. అందుకని మీ భవనంలో లిఫ్టు ఉన్నా ఎక్కలేదు. బరువులెత్తే చైన్ పుల్లీ భుజానేసుకుని మెట్లమీద పరిగెత్తి, పై అంతస్తు చేరి, అదే ఊపులో చెయ్యి చాపాను.

"ఎవరు మీరు?" అన్నాడు డాక్టరు.

"లోడ్ మీదున్నాను. చల్లారకముందే కొలవండి!" అన్నాను.

కొలిచాడు. యంత్రాన్ని తట్టి చూశాడు. మళ్ళీ కొలిచాడు. దాన్ని తన చేతికి కట్టుకుని చూసుకున్నాడు. తర్వాత గ్లాసుడు మంచినీళ్ళు తాగాడు. నాకివ్వలేదు, తనే తాగాడు.

కాగితం మీద ఏం రాశాడో చూపించలేదు. బాగానే రాసుంటాడు. అంత బరువుతో ఎక్కి కూడా నేను కిందపడలేదుగా, ఇంతకన్నా రుజువేం కావాలి? పాలసీ ఎప్పుడు పంపుతున్నారు?

ఇట్లు,
లోడ్ టెస్టులో నెగ్గిన
లిఫ్టు మెకానిక్

తా.క.: మీ మెట్ల పక్క కడ్డీ వదులైంది. పనిలో పని బిగించేసి వచ్చాను. దీనికి బిల్లు లేదు, కానీ సిగ్గు పడండి.

ఆడవారని తెలిశాక ధైర్యమొచ్చింది, ఇక అక్కయ్యా అనే రాస్తాను. ఈయన రాయనిది నేను చెప్తాను. వెళ్ళేసరికి డాక్టరు గారు భోజనానికి వెళ్ళారట. కూర్చుంటే లోడ్ దిగిపోతుందని, ఆయన తిని వచ్చేదాకా ఆ ఇనుము మోస్తూ మెట్లు ఎక్కుతూ దిగుతూనే ఉన్నారట. ఇంటికొచ్చాక చొక్కా పిండితే బకెట్టులో నీళ్ళు చేరాయి. నవ్వాలో ఏడవాలో నాకు తెలీలేదు.

*

లిఫ్టు మెకానిక్ గారికి,

నమస్కారములు.

చింతిస్తూ తెలియజేయునది ఏమనగా, డాక్టరు గారు మీ కాగితం మీద అంకెల పక్కన ఒక ఆశ్చర్యార్థకం వేశారు. మా నియమాల్లో దానికి గడి లేదు. కావున మీ దరఖాస్తు వాయిదా వేయడమైనది.

మెకానిక్ గారూ, మీరు లిఫ్టు కాదు. మనిషిని కూర్చోబెట్టి, కాసేపు ఊరుకోనిచ్చి, అప్పుడు కొలుస్తారు. మా డాక్టరే కాదు, ఏ డాక్టరైనా అంతే. మళ్ళీ రండి. లిఫ్టులో రండి. బరువులు మొయ్యకండి. డాక్టరు గారు భోజనం చేస్తున్నంతసేపూ మెట్లు ఎక్కి దిగకండి.

ఇట్లు,
దరఖాస్తుల గుమాస్తా

తా.క.: కడ్డీ బిగించినందుకు మేనేజరు గారు కృతజ్ఞతలు చెప్పమన్నారు. సిగ్గు కూడా పడ్డారు. మీ చొక్కా ఆరిందని తలుస్తాను.

*

మేడమ్ గారికి,

నమస్కారం వెనక్కి తీసుకుంటున్నాను.

డాక్టరు భోంచేస్తుంటే నేను మెట్లెక్కిన సంగతి నేను మీకు రాయలేదు. నా చొక్కా సంగతి అసలే రాయలేదు. నా చొక్కాతో మీకేం పని? అర్థమైంది. నా వెనక మనిషిని పెట్టారు. పాలసీ ఇవ్వడానికి చేతులు రావు గానీ గూఢచారిని పెట్టడానికి వచ్చాయి!

పెట్టుకోండి. నా దగ్గర దాచాల్సిందేమీ లేదు. అలాగే కూర్చునే పరీక్ష ఇస్తాను. కానీ నిజాయితీగా ఇస్తాను. ఈసారి ఏ ఊతా లేకుండా, ఉన్నవాణ్ణి ఉన్నట్టుగా వస్తాను. ఎలాగో మాత్రం చెప్పను. మీ గూఢచారి అంత మొనగాడైతే కనిపెట్టమనండి చూద్దాం.

ఇట్లు,
తలుపులన్నీ మూసి రాస్తున్న
లిఫ్టు మెకానిక్

తా.క.: చొక్కా ఆరింది.

అక్కయ్యా, కొంప మునిగింది. ఈయన బిళ్ళ మానేశారు. మందు మింగి పరీక్షకు కూర్చోవడమంటే, లిఫ్టు కింద జాకీ పెట్టి "చూడండి, పడిపోవట్లేదు" అనడమేనట. నిద్దట్లో పలవరిస్తుంటే విన్నాను. నా ఎదుట నోట్లో వేసుకుంటారు, వాకిట్లోకెళ్ళి పూలకుండీలో ఉమ్మేస్తారు. నేనేమైనా అంటే "నువ్వూరుకోవే" అంటారు. అదే ఉత్తరంలో వస్తే నాలుగుసార్లు చదువుతారు. తొందరగా రాయండి. నాకు భయంగా ఉంది.

*

మెకానిక్ గారికి,

నమస్కారాలు తర్వాత. ముందు లేచి ఇవాళ్టి బిళ్ళ వేసుకోండి. మానేసినవన్నీ కలిపి ఒకేసారి మింగకండి, మీరు మింగగలరని నాకు తెలుసు. ఒక్కటే. తర్వాత మీ డాక్టరు దగ్గరికెళ్ళి మానేసిన సంగతి చెప్పండి. ఆ తర్వాతే మా దగ్గరికి రండి.

వేసుకున్నారా? ఇప్పుడొక ప్రశ్న. మీరు లిఫ్టును పరీక్షించేటప్పుడు బ్రేకు విప్పి పక్కన పెట్టి పరీక్షిస్తారా?

విప్పరు కదా. బ్రేకు లిఫ్టులో భాగం. మీ బిళ్ళ కూడా అంతే, అది కింద పెట్టిన జాకీ కాదు. బిళ్ళ వేసుకోని మనిషి ఎవరో మాకు తెలియదు, అతనితో మాకు పని లేదు. చిట్టిని బడికి పంపాలనుకునేది అతను కాదు. రోజూ పొద్దున్నే బిళ్ళ వేసుకుని షాఫ్టులోకి దిగే మనిషి ఒకరున్నారు. బీమా ఆయనకు. ఆయన్ని తీసుకురండి.

ఇట్లు,
ఆఫీసు భాష కాసేపు పక్కన పెట్టిన
గుమాస్తా

తా.క.: మా డాక్టరు గారు మొక్కలకు పరీక్షలు చెయ్యరు. పూలకుండీని వదిలెయ్యండి.

*

మేడమ్ గారికి,

నమస్కారం. మీ ఉత్తరం నిలబడి చదివాను, నిలబడే వేసుకున్నాను. మా డాక్టరుకు చెప్పాను, తలవాచేలా చీవాట్లు పెట్టాడు. బ్రేకు మాట నాకెందుకు తోచలేదా అని షాఫ్టు అడుగున కూర్చుని చాలాసేపు ఆలోచించాను. పైన జనం "లిఫ్టేదీ" అని అరుస్తున్నా ఆలోచించాను. తప్పు నాదే. రాశాను కదా, ఇక దాని ఊసెత్తకండి.

కానీ ఆ పూలకుండీ! ఆ జాకీ! జాకీ మాట నేను ఎవరితోనూ అనలేదు, మనసులో అనుకున్నాను. నా మనసులోకి కూడా మనిషిని దింపారా?

మొదట మందుల షాపు బాబాయి మీద అనుమానమొచ్చింది. నా బిళ్ళల సంగతి ఇంటి బయట తెలిసింది ఆయనకే. వెళ్ళి, "బాబాయ్, బీమావాళ్ళు నీకేం ముట్టజెబుతున్నారు?" అన్నాను. "నాకా? నా పాలసీ మురిగిపోయి మూడేళ్ళైందిరా, నా పుండు మీద కారం చల్లకు" అని షట్టరు సగం దించేశాడు. తర్వాత పై వాటాలో మాస్టారు. "మాస్టారూ, మీ కిటికీ సరిగ్గా మా కుండీ మీదకే ఎందుకు తెరుచుకుంటుంది?" అన్నాను. "ఇల్లు కట్టిన మేస్త్రీని అడుగు నాయనా" అన్నాడు. ఆ మేస్త్రీ ఎక్కడున్నాడో వాకబు చేస్తున్నాను.

"ఇంట్లో మాటలు బయటికి పోతున్నాయి, జాగ్రత్తగా ఉండు" అని మా ఆవిడకూ చెప్పాను. పాపం, బాగా హడలిపోయింది. కుడుతున్న గుడ్డలో మొహం దాచుకుని భుజాలు అదిరిపోయేలా వణికింది.

బీపీ సర్దుకుంది అని మా డాక్టరు అన్నాకే నిన్న మీ డాక్టరు దగ్గరికి వచ్చాను. లిఫ్టులోనే వచ్చాను. కూర్చున్నాను. "ఏమీ ఆలోచించకండి" అన్నాడు. అది నాకు చేతకాదు. చిట్టి బడిసంచి వేసుకుని, ఆ సంచి బరువుకు కొంచెం వెనక్కి వాలి, వెళ్ళిపోతున్నట్టు ఊహించుకున్నాను. కొలిచాడు. ఈసారి యంత్రాన్ని తట్టలేదు.

ఇస్తారో ఇవ్వరో ఒక్క ముక్క రాయండి. నేను కోపంగా లేను, భయంగా ఉన్నాను. నాలో రెండూ ఒకే గొంతుతో మాట్లాడతాయి.

ఇట్లు,
లిఫ్టు మెకానిక్

తా.క.: కాదంటే మాత్రం మళ్ళీ కోపమే.

అక్కయ్యా, మీకు పుణ్యముంటుంది, కుండీ మాట ఇక ఎత్తకండి. నవ్వాపుకోలేక సూది వేలికి దిగబడింది. ఈయన ఇప్పుడు వాకిట్లో వాలే కాకిని కూడా అనుమానంగా చూస్తున్నారు.

*

లిఫ్టు మెకానిక్ గారికి,

నమస్కారములు.

సంతోషంతో తెలియజేయునది ఏమనగా, మీ బీపీ అదుపులో ఉన్నదని డాక్టరు గారు రాశారు. ఆశ్చర్యార్థకం లేదు. మీ పాలసీ మంజూరైనది, కాగితాలు ఇందుతో జతపరచడమైనది. ప్రీమియం మామూలు కంటే కొంచెం ఎక్కువ. అది మీరు నిజం చెప్పినందుకు పడ్డ జరిమానా కాదు. ఆ నిజం ఇప్పుడు మా కాగితాల్లో, మా ముద్ర కింద ఉన్నది. "బీపీ దాచిపెట్టాడు" అని రేపు ఎవరూ మీవాళ్ళ నోటికాడ కూడు లాక్కోలేరు. మీరు సాగనంపిన ఏజెంటుకు ఈ సంగతి నేనే వివరించాను. కొంచెం వేగంగానే వివరించాను.

మరొక మాట. మీ ఇంట్లో కుట్టుమిషను కూడా సంపాదిస్తున్నది. దాని వెనక కూర్చునే మనిషికి బీమా లేదు. ఆమెను పరీక్షకు పంపండి.

ఇట్లు,
దరఖాస్తుల గుమాస్తా

తా.క.: మా కంపెనీ గూఢచారులను నియమించదు. మీ దగ్గరున్న మనిషిని మాత్రం బాగా చూసుకోండి.

*

దరఖాస్తుల గుమాస్తా గారికి,

అక్కయ్యా అని మొదలుపెట్టి కొట్టేశాను. ఇది ఆఫీసు ఉత్తరం.

మీరు రమ్మన్నారనే వచ్చాను. ఈయనకు పాలసీ వచ్చిన సంబరంలో కొత్త జాకెట్టు కుట్టుకుని మరీ వచ్చాను. లిఫ్టులో వచ్చాను. బరువు మొయ్యలేదు. కుర్చీలో కూర్చుని ఊరుకున్నాను. ఊరుకోవడం నాకొకరు నేర్పాలా? డాక్టరు గారు కొలిచారు. యంత్రాన్ని తట్టారు. తన చేతికి కట్టుకున్నారు. మంచినీళ్ళు తాగారు.

మెట్లెక్కిన రోజు ఈయనకు ఎంతో, కుర్చీలో కూర్చున్న నాకు అంతట!

ఆ మర్నాటి నుంచి నాకూ బిళ్ళ. సరే, వేసుకుంటున్నాను. ఇంతలో మీ సంతకంతో అచ్చుకాగితం ఊడిపడింది. "దరఖాస్తు వాయిదా. బీపీ పెరుగుటకు కారణములు వివరించవలెను." కారణములా? వివరిస్తాను, కూర్చోండి.

మా ఇంట్లో ఒకరు అరుస్తారు, ఒకరు మింగుతారు. ఈయన కోపమంతా కాగితం మీద కక్కేసి, కవరు నా చేతికిచ్చి, చేతులు దులుపుకుని పడుకుంటారు. మందుల షాపు బాబాయికి క్షమాపణ చెప్పింది నేను. మాస్టారి చేత మళ్ళీ కిటికీ తెరిపించింది నేను. ఏజెంటు చెప్పు కడిగి, గుడ్డలో చుట్టి వాళ్ళింటికి పంపింది నేను. అరిచిన మనిషి బీపీ దిగింది. మింగిన మనిషిది ఎటు పోతుంది? "మందులు వాడుతున్నారా" అని గడి పెట్టారు. "మందులు వాడేవాడితో కాపురం చేస్తున్నారా" అని గడి ఎందుకు పెట్టలేదు?

చిట్టి చదువులో నా మిషను వంతు కూడా ఉంది. నా పాలసీ నాకు కావాలి. బిళ్ళ మానను, అదుపులోకి వచ్చాక వచ్చి మళ్ళీ కూర్చుంటాను. అప్పుడు కూడా కాదని చూడండి, చెప్తాను మీ సంగతి!

ఇట్లు,
పళ్ళు నూరడం కొత్తగా నేర్చుకున్న
దర్జీ

తా.క.: అక్షరాలు వంకరగా ఉంటే ఉండనీ. కోపంతో రాయడం ఇదే మొదలు, చెయ్యి అలవాటు పడాలి.

మేడమ్ గారూ, చేతిరాత మారిందని చూసే ఉంటారు. నేను ఆవిడ మొగుణ్ణి. ఇవాళ కవరు అంటించే పని నాకు పడింది. గోందు రాయబోతూ కింద కాస్త చోటుందని చూశాను. మీకు రెండు ముక్కలు రాయాలనిపించింది. కలం తీశాను. అప్పుడు వెలిగింది నాకు, గూఢచారి ఎవరో. మేస్త్రీని వెతకడం ఆపేశాను.

మా ఆవిడ మంచిది. మనసులో ఏమీ పెట్టుకోదనుకునేవాణ్ణి. అన్నీ అక్కడే పెట్టుకుందని మీ యంత్రం చెప్పింది. బాబాయి దగ్గరికీ మాస్టారి దగ్గరికీ ఈసారి నేనే వెళ్ళి తల వంచుకుని వచ్చాను. ఆవిడ బిళ్ళకు నాదీ పూచీ. పొద్దున్నే ఎదురెదురుగా కూర్చుని, ఒకరి నోరు ఒకరం తెరిపించి చూసుకుని మరీ వేసుకుంటున్నాం.

ఒక్క మనవి. ఈ ఉత్తరం ముగించి ఆవిడ కలం మూసింది, చెంబుడు నీళ్ళు తాగింది, నన్ను నాలుగు తిట్టింది, చిట్టి పక్కన వాలి గుర్రు పెట్టింది. పెళ్ళయ్యాక ఇంత హాయిగా నిద్రపోవడం నేను చూడలేదు. అందుకని వెంటనే ఒప్పుకోకండి. చీటీ నకలు మసకగా ఉందనండి, సంతకం గీత దాటిందనండి, మీకు తోచింది అడగండి. చివరికి పాలసీ ఇవ్వండి. ఈలోపు మాత్రం మా ఆవిణ్ణి ఇంకాస్త విసిగించండి.